ట్రాక్ 130కి రెడీ, టైమ్‌టేబుల్ మాత్రం అక్కడే

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ పేపర్లో రైళ్ల స్పీడు పెరుగుతోందని రంగుల బొమ్మతో సహా వేశారు, రాద్దాం రాద్దాం అనుకుంటూ ఇవాళ్టికి కుదిరింది. గంటకి 130 కిలోమీటర్ల మాట మాకేం కొత్త కాదండీ, సికింద్రాబాద్ కాజీపేట లైన్ 130కి ఓకే అని 2022 సెప్టెంబర్లోనే చెప్పారు. మరి ఆ దారిలో వెళ్లే మా విశాఖ బండ్లు ఎంత ముందొస్తున్నాయో అది కూడా వేయాల్సింది.

గోదావరి ఎక్స్‌ప్రెస్ 1974 ఫిబ్రవరిలో మొదలైంది, అప్పటికి ఈ రూట్లో కరెంటు లైనే లేదు. ఇప్పుడు కరెంటు ఇంజను, కొత్త పెట్టెలు, అయినా విశాఖ నుంచి హైదరాబాద్‌కి 710 కిలోమీటర్లకి దాదాపు పన్నెండున్నర గంటలు. సరాసరి 57 అన్నమాట. 55 ఉంటే చాలు సూపర్‌ఫాస్టేనట, స్లీపర్‌కి 30 రూపాయలు, థర్డ్ ఏసీకి 45 అదనం. అత్తెసరు మార్కులతో పాసైనోడికి సన్మానం, శాలువా ఖర్చు మాది! వందే భారత్ సికింద్రాబాద్‌కి ఎనిమిదిన్నర గంటల్లో వెళ్తుంది నిజమే, కానీ దానికి దారివ్వడానికి లూప్ లైన్లో, అంటే స్టేషన్లో పక్క పట్టా మీద, నిలబడేది మేమేగా.

ఇంకో విచిత్రం చూడండి. దువ్వాడ నుంచి విశాఖ 17 కిలోమీటర్లు, టైమ్‌టేబుల్లో చాలా బండ్లకి ముప్పావుగంట, గంట రాసుంటుంది. దారిలో ఎంత లేటైనా ఆఖర్న లెక్క సరిపోవాలి కదా. మొన్న నేనొచ్చిన బండి, పేరెందుకులెండి, తెల్లారుజామున ఔటర్లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, ఆగిపోయింది. కిటికీలోంచి మా వీధి చివర వాటర్ ట్యాంకు కనిపిస్తోంది, దిగడానికి లేదు. టీ కుర్రాడు ఖాళీ క్యాన్ మీద కూర్చుని కునుకు తీశాడు, సామాను తలుపు దగ్గర పెట్టుకున్న ముసలావిడ మళ్లీ సీటుకి ఈడ్చుకొచ్చింది, ఓ కుర్రాడైతే సూట్‌కేసు నెత్తిన పెట్టుకుని పట్టాల మీద నడిచి పోయాడు. 40 నిమిషాల తర్వాత ప్లాట్‌ఫారం ఎక్కితే ఫోన్లో చూపించింది ఏంటంటే, రైట్ టైమ్!

వసూళ్లలో మాత్రం ఎక్కడా ఔటర్ ఉండదు. పెద్ద వయసోళ్ల టికెట్ రాయితీ 2020 మార్చిలో తీసేశారు, ఇంతవరకు ఇవ్వలేదు. పాసింజర్లకి ఎక్స్‌ప్రెస్ అని పేరు మార్చి 10 రూపాయల టికెట్టు 30 చేసి 2024 దాకా లాగారు. విశాఖ రైల్వే జోన్ 2019లో ప్రకటిస్తే ఆఫీసుకి శంకుస్థాపన 2025 జనవరిలో, ఆ ఫైలు కూడా దువ్వాడలోనే ఆగినట్టుంది.

ఈసారి స్పీడు వార్త వేసినప్పుడు పక్కన విశాఖ నుంచి సికింద్రాబాద్‌కి పాత టైము, కొత్త టైము కూడా వేయండి సార్. బొమ్మ లేకపోయినా పర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు,
మర్రిపాలెం, విశాఖపట్నం