వార్షిక నివేదిక – కాలనీ సంక్షేమ సంఘం, కడప

గౌరవ సభ్యులకు నమస్కారం. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, నేరుగా పనుల్లోకి వస్తాను.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోదగ్గది కమ్యూనిటీ హాలులో పెట్టిన ఫ్లూ టీకా శిబిరం. మన దేశంలో ఫ్లూ జనవరి–మార్చిలో ఒకసారి, వానాకాలం ముదిరాక ఇంకోసారి పెరుగుతుంది. టీకా పట్టడానికి రెండు వారాలు కావాలి, అందుకే జూన్‌లోనే పెట్టాం. "పోయినేడు వేయించుకున్నాం కదా, మళ్లీ ఎందుకు?" అని అడగని ఇల్లు లేదు. వైరస్ ఏటా కొద్దికొద్దిగా రూపు మారుస్తుంది, పాత టీకా బలం కూడా నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. పైగా ఫ్లూ వైరస్ ఎ రకంలోనే హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 అనే ఉపరకాలు తిరుగుతుంటాయి, తోడుగా బి రకం. ఒకటి వచ్చిపోయినా ఇంకొకటి ఆగదు. ఒకే సీజన్‌లో రెండుసార్లు మంచం పట్టడం అందుకే సాధ్యం. టీకా తర్వాత పడిశెం పట్టిందని సంఘాన్ని తిట్టినవారికి ఒక మాట: మామూలు పడిశెం వైరస్‌లు వేరు, వాటిని ఈ సూది ఆపదు.

మందు 2–8 డిగ్రీల మధ్యే ఉండాలి. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకులు వెంటనే పెట్టెలో పెడితే టీకా గడ్డకట్టి పారేయాల్సి వస్తుంది. ప్యాకును ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడేదాకా బయట ఉంచి, ఆ తర్వాతే పెట్టాం. పెద్దలకు 0.5 మి.లీ., భుజం కండలో. తొమ్మిదేళ్లలోపు పిల్లలకు మొదటిసారైతే నాలుగు వారాల తేడాతో రెండు డోసులు. రెండోదానికి చాలామంది తల్లిదండ్రులు మొహం చూపలేదు. సూది వేశాక అరగంట కూర్చోబెట్టి కనిపెట్టుకుని ఉండాలి. ఆ పనికి పేర్లిచ్చిన యువకుల్లో ఎక్కువమంది రాలేదు. నర్సును పంపుతామన్న అధికారి ఆ ఉదయం ఫోనెత్తలేదు.

ఇళ్లలో మరవకూడనివి: లక్షణాలు కనబడకముందు రోజు నుంచే అంటుకుంటుంది, కాబట్టి దగ్గు మొదలయ్యాక కిటికీలు తెరిస్తే ఆలస్యమే. డాక్టరు రాస్తే ఒసెల్టామివిర్ (ఫ్లూ వైరస్‌ను అణచే మందు) మొదటి 48 గంటల్లో వేసుకుంటే మేలు. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు. పారాసిటమాల్ లేకుండా 24 గంటలు జ్వరం రాకపోతేనే బడికి పంపండి.

జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉంది. హాలు కిటికీలు బాగుచేయించిన ఖర్చూ అందులోనే.

ఉచితంగా వచ్చిన డాక్టరు గారికి, ఫ్రిజ్ ఇచ్చిన కుటుంబానికి, మజ్జిగ పంచిన మహిళా సభ్యులకు, కుర్చీలు మోసిన పిల్లలకు కృతజ్ఞతలు. వచ్చే శిబిరానికి రాగలిగినవారే పేర్లివ్వండి.

– కార్యదర్శి