సాయంత్రం పూట కాగితాలు అడగకు బిడ్డా

బిడ్డా,

ఆదివారం నువ్వు ఫోన్లో అన్న మాటకు రెండు రాత్రులుగా నిద్ర పట్టలేదు. మళ్ళీ ఫోన్ చేస్తే కోపం చేస్తున్నాననుకుంటావు, అందుకే రాస్తున్నా.

పెరట్లో ఫెన్స్ వేయించడానికి హోమ్ డిపో (ఇంటి పనుల సామాను అమ్మే పెద్ద దుకాణం) ముందు కూలి కోసం నిలబడేవాళ్ళలో ఇద్దరిని తెచ్చుకున్నారు. మనిషికి రోజుకు 150 డాలర్లు, రెండు రోజుల పని. 600లో సగం ఇచ్చారు, గేటు సరిగ్గా పడటం లేదని మిగతా 300 ఆపారు. అంతవరకు అందరి ఇళ్ళలో ఉండే పేచీయే. కానీ మీ ఫ్రెండ్ ఎవరో "వీసా కాగితాలు చూపించమను, అవి లేకపోతే ఇక నోరెత్తరు, ఎవరికి చెప్పుకుంటారు?" అన్నదట. "అడగమంటావా బాపూ?" అని నన్నడిగావు.

నేను దుబాయి పోయి వచ్చానని నీకు తెలుసు. అక్కడ ఎలా ఉన్నానో మీ అమ్మకు కూడా చాలా ఏళ్ళు చెప్పలేదు. 2003లో మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి ఏజెంటు చేతిలో పోసి వెళ్ళాను. కంపెనీ ఏడు నెలలు జీతం ఇవ్వలేదు. పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఉంది. చివరికి అది వదిలేసి బయటపడ్డాను. అలా కంపెనీ విడిచి దొంగచాటుగా పని చేసుకునేవాణ్ణి ఖల్లివెల్లి అంటారు. మన జగిత్యాల, కోరుట్ల పక్క ఆ మాట తెలియని ఊరు లేదు. రెండేళ్ళు మీ బాపు ఖల్లివెల్లే.

షార్జాలో తెల్లారకముందే ఒక రౌండెబౌట్ దగ్గర నిలబడేవాళ్ళం, మన కూకట్‌పల్లి అడ్డా మీద నిలబడ్డట్టే. ఒకాయన పికప్ ఆపి ముగ్గురిని ఎక్కించుకున్నాడు. విల్లా వెనక టైల్స్ మోయాలి, రోజుకు 60 దిర్హాములు. ఎక్కించుకునేటప్పుడు ఒక్క కాగితం అడగలేదు. రెండు రోజులు మోశాం. రెండో రోజు పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ అయ్యాక చేతులు కడుక్కుని నిలబడ్డాం. ఆయన జేబులోంచి పర్సు తీస్తాడనుకుంటే ఫోన్ తీశాడు. "పతాకా చూపించు" అన్నాడు. పతాకా అంటే లేబర్ కార్డు. ఎవరికి ఫోన్ చేస్తాడో చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం లేదు. గోడ మీద పెట్టిన టిఫిన్ డబ్బాలు తీసుకుని ముగ్గురం గేటు దాటాం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆ నెల నీ స్కూలు ఫీజుకు పంపుతానన్న డబ్బు పంపలేకపోయాను. 2007లో అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టినప్పుడు పాస్‌పోర్టు లేనివాళ్ళకు ఇచ్చే అవుట్‌పాస్ మీద ఇంటికొచ్చాను. నువ్వప్పుడు ఐదో తరగతి.

పొద్దున కారు ఎక్కించుకునేటప్పుడు అడిగితే, చట్టానికి భయపడి అడిగావనుకుంటారు. కూలి ఇచ్చే వేళకు అడిగితే, ఎగ్గొట్టడానికి అడిగావనే అనుకుంటారు. నిజం కూడా అదే.

చట్టం సంగతి తెలిసినవాళ్ళను అడిగాను. పని చేసే అనుమతి లేదని తెలిసీ ఒకరిని పనిలో పెట్టుకోవడం 1986 నుంచి అమెరికాలో చట్టవిరుద్ధం. ఉద్యోగంలో పెట్టుకుంటే ఐ-9 ఫారం నింపి కాగితాలు చూడాలి. ఇంట్లో ఎప్పుడో ఒకసారి చేయించుకునే చిల్లర పనికి ఆ ఫారం అక్కర్లేదు, వారం వారం వచ్చే మనిషైతే లెక్క వేరు. మీకు టెన్షన్‌గా ఉంటే ఇన్సూరెన్స్ ఉన్న కాంట్రాక్టరునే పిలవండి, నేనేమీ అనను. రూఫ్ ఎక్కే పని, కరెంటు పని ఎలాగూ అలాంటివాళ్ళకే ఇవ్వాలి, మనిషి పడితే ఆస్పత్రి ఖర్చు చూసేదెవరు? కానీ పని చేయించుకున్నాక మాత్రం ఇంకో మాట లేదు. కాగితాలున్నా లేకున్నా చేసిన పనికి కూలి ఇవ్వాల్సిందేనని అక్కడి కార్మిక శాఖే చెబుతుంది. 2006లో అచ్చయిన ఒక సర్వే అమెరికా అంతటా అడ్డా కూలీలను అడిగి చేసింది. అంతకు ముందు రెండు నెలల్లో కూలి ఎగ్గొట్టించుకున్నవాళ్ళు దాదాపు సగం మంది. పనికి పిలిచినవాళ్ళలో కూడా దాదాపు సగం మీలాంటి ఇళ్ళవాళ్ళే.

పోయినసారి మీ దగ్గరికి వచ్చినప్పుడు ఆ హోమ్ డిపో పార్కింగ్ అంచున కూలీలను చూశాను. అల్లుడు కారు స్లో చేయగానే ఒక పిల్లవాడు పరుగున వచ్చి అద్దం దగ్గర వంగాడు. బూట్ల నిండా తెల్ల పెయింటు చుక్కలు. పనేమిటో అడగలేదు, మొదట వెనక సీట్లో ఎవరున్నారో చూశాడు. ఎందుకలా చూశాడో అప్పుడు నాకర్థం కాలేదు. తర్వాత, 2025 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో ఒక హోమ్ డిపో దగ్గర అద్దె ట్రక్కులోంచి బోర్డర్ పెట్రోల్ (సరిహద్దు పోలీసులు) వాళ్ళు దూకి కూలీలను పట్టుకున్న వీడియో టీవీలో వేస్తే అర్థమైంది.

నీకు హెచ్1బీ ఉంది, నీ పరిస్థితి వాళ్ళ పరిస్థితి ఒకటని అనను. కానీ పోయినేడు మీ కంపెనీలో మనుషులను తీసేస్తుంటే, ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవడానికి 60 రోజులే టైమని రాత్రి రెండింటికి ఫోన్ చేసి ఏడ్చావు. ఆ రాత్రి మీ మేనేజరు నీ వీసా గుర్తు చేసి జీతంలో సగం కోసుంటే నువ్వు ఎవరికి చెప్పుకునేదానివి?

గేటు సంగతి గేటు సంగతే. వాళ్ళనే పిలిపించి చూపించు. బహుశా కాంక్రీటు ఆరకముందే గేటు తగిలించి ఉంటారు, స్తంభం వాలి ఉంటుంది. పూటలో సరిచేస్తారు. ఆ పూటకు కూడా కూలి మాట్లాడు. ఎండ బాగా ఉంటుంది కదా, చల్లటి నీళ్ళు పెట్టు, బాత్రూం ఎక్కడో చూపించు. మధ్యాహ్నం వాళ్ళు తెచ్చుకున్నది తింటుంటే పక్కన నిలబడకు, లోపలికి వచ్చెయ్.

ఆ 300 చేతిలో పెట్టాక ఒక మెసేజ్ పెట్టు. మాకు తెల్లవారుజాము అయినా సరే, మేలుకునే ఉంటా.

నీ బాపు