బాతు బొమ్మ వేసి కోళ్ల డ్రింకర్ అమ్మారు, మా డబ్బు వెనక్కి ఇవ్వండి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి, గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి

విషయం: బాతులకని మీరు అమ్మిన నిపుల్ డ్రింకర్ బకెట్ మీద ఫిర్యాదు

నమస్కారం అండీ.

మీరు ఆన్‌లైన్‌లో అమ్ముతున్న మూత బకెట్, అదే అడుగున ముక్కుతో పొడిస్తే చుక్కలుగా నీళ్లొచ్చే ఎర్ర నిపుళ్లు బిగించి తాడుతో వేలాడదీసేది, ఈ ఎండాకాలం మొదట్లో తెప్పించుకున్నాం. అట్టపెట్టె మీద ఒక కోడి, పక్కనే పిల్లలతో ఒక బాతు బొమ్మ, కింద "కోళ్లకూ బాతులకూ 24 గంటలూ శుభ్రమైన తాగునీరు, చుక్క కూడా వృథా కాదు" అని ఉంది. ఆ మాట నమ్మి కొన్నాం. కోళ్ల సంగతి నేను మాట్లాడను, మా పక్కింటి వాళ్ల కోళ్లు అలాంటి దాంతోనే తాగుతున్నాయి, బాగానే ఉన్నాయి. మా బాతులకి మాత్రం దానివల్ల హాని జరిగింది, అందుకే ఈ ఉత్తరం.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. గోదావరి డెల్టాలో నీళ్లకేం తక్కువ, బాతులకి డ్రింకర్ ఎందుకు కొన్నారని మీ ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయి అడిగింది కాబట్టి ముందు అది చెప్తాను. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచీ ఈ డెల్టాకి కాలువ నీళ్లున్న మాట నిజమే. పంట కాలంలో బోదె, అదే పిల్లకాలువ, నిండా నీళ్లు పారుతుంటాయి, పొద్దున్నే గూడు తలుపు తీస్తే బాతులు వాటంతటవే దిగిపోతాయి, సాయంత్రం నూకలు చల్లి పిలిస్తే వచ్చేస్తాయి. కానీ ఎండలు ముదిరేసరికి పూడిక తీయడానికీ మరమ్మతులకీ కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందు మంచినీళ్ల చెరువు నింపుకుంటాం, మళ్లీ కాలువ వదిలేదాకా ఊరంతటికీ అవే నీళ్లు. బోరు వేస్తే మా వైపు ఉప్పునీళ్లు పడతాయి. మురుగు కాలువలోకేమో రొయ్యల చెరువుల నీళ్లు వదులుతారు, అందులోకి పెద్ద బాతుల్ని పంపడానికే మనసొప్పదు, పిల్లల్నయితే అసలు పంపకూడదు, ఉప్పునీళ్లకి అవి తట్టుకోలేవు. బోదెలో అక్కడక్కడా మిగిలిపోయే గుంటలు ఇంకా ప్రమాదం. ఎండకి నీళ్లు కాగి, చచ్చిన చేపలూ గుర్రపుడెక్కా కుళ్లిన చోట బొటులిజం అనే జబ్బు తెచ్చే విషం తయారవుతుంది, ఆ నీళ్లు తాగినా ఆ కుళ్లిన వాటిలో పురుగుల్ని తిన్నా బాతుకి కాళ్లు చచ్చుబడి మెడ వాలిపోతుంది, తర్వాత బతికించడం చాలా కష్టం. అందుకని కాలువ కట్టేసినన్నాళ్లూ వాటిని పెరట్లోనే ఉంచి కుళాయి నీళ్లు పట్టి పెడతాం. కుళాయి వచ్చేది పొద్దున కాసేపే. మాటిమాటికీ నీళ్లు మార్చే పని లేదని మీరు రాసింది చూసి మేం ఆశపడింది ఇందుకే.

ఇప్పుడు అసలు విషయం. కోడి ముక్కుతో పొడిచి చుక్కలు చుక్కలుగా తాగగలదు, నిపుల్ దానికి సరిపోతుంది. బాతు తాగే తీరు వేరు. అది ముక్కు మొత్తం నీళ్లలో పెట్టి, నోటినిండా తీసుకుని, తల పైకెత్తి మింగుతుంది. మేత తినేటప్పుడు రెండు ముద్దలు తినడం, నీళ్ల దగ్గరికి పరిగెత్తడం, మళ్లీ వచ్చి తినడం, ఇదే వరస. దాని ముక్కు అంచుల్లో దువ్వెన పళ్లలా సన్నటి గీతలుంటాయి, తవుడూ చిట్టూ వాటిలో ఇరుక్కుంటాయి, నీళ్లలో ముక్కు ఆడించి కడుక్కుంటేనే పోతాయి. ముక్కు రంధ్రాలూ అంతే, నీళ్లలో ముంచి గాలి ఊదితేనే శుభ్రపడతాయి. కళ్లూ అంతే. తల ములిగేంత లోతు నీళ్లు దొరికితేనే బాతు తన కళ్లూ ముక్కూ తాను చూసుకోగలదు. బాతుకి తాగే నీళ్లూ ముఖం కడుక్కునే నీళ్లూ వేరు వేరు కావు, రెండూ ఒకటే. ఇది బాతుల్ని పెంచే ప్రతి ఇంట్లోనూ తెలిసిన విషయం, బాతుల సామాను తయారుచేసే కంపెనీకి తెలియకపోవడం నాకు చాలా బాధగా ఉంది.

మొదట్లో మా బాతులు నిపుల్ దగ్గర చేరి పొడిచాయి, కొన్నింటికి అలవాటు కూడా అయింది. బకెట్‌తో వచ్చిన వాడకం కాగితంలో మీరు రాసినట్టే మిగతా గిన్నెలన్నీ తీసేశాం. తర్వాత నెమ్మదిగా మేత తినడం తగ్గించాయి. తవుడు తడిపి పెట్టినా సగం అలాగే వదిలేసేవి. ఖాకీ క్యాంప్‌బెల్ జాతి పెట్ట బాతు ఒకటి ఒక పక్కకే తల తిప్పి నడుస్తుంటే పట్టుకుని ఒళ్లో పెట్టుకుని చూశాను. ఒక ముక్కు రంధ్రం తవుడు మెత్తుకుపోయి గట్టిగా పూడిపోయింది. అటువైపు కంటి మూలన పసుప్పచ్చటి పుసి కట్టి రెప్పలు రెండూ అతుక్కుపోయాయి. ఈకల మీద, కంటి కింద ఆ పుసి ఎండి చారలు కట్టింది. గోరువెచ్చటి నీళ్లలో మెత్తటి గుడ్డ ముంచి నానబెట్టి తుడిస్తే కాసేపటికి రెప్ప విడింది. నేను ఇంకా తుడుస్తుండగానే ఆ గిన్నెలో కళ్లదాకా తల ముంచేసి బుడబుడమని ఊదింది, తల పైకెత్తి విదిలించి మళ్లీ ముంచింది. వదలమంటే వదల్లేదండీ. మిగతా వాటిని చూస్తే కొంచెం ఎక్కువ తక్కువగా అన్నింటిదీ అదే పరిస్థితి.

పశువుల డాక్టరు గారికి చూపించాం. ఆయన అన్నీ చూసి, ఇది అంటురోగం కాదమ్మా, వీటికి తల ముంచుకోడానికి నీళ్లు లేవు అంతే, వెడల్పాటి తొట్టిలో నీళ్లు పెట్టండి అన్నారు. పెట్టాం, తేరుకున్నాయి. ఒక నాటు బాతుకి మాత్రం ఆ కన్ను ఇప్పటికీ సరిగ్గా తెరుచుకోవడం లేదు. గుడ్లు కూడా బాగా తగ్గిపోయాయి. గుడ్డులో ఎక్కువ భాగం నీళ్లే కదా, నీళ్లు చాలకపోతే గుడ్డు ఎక్కడ్నుంచి వస్తుంది. మా ఇంట్లో బాతుగుడ్ల డబ్బులతో పిల్లల పుస్తకాలూ ఇంటి చిల్లర ఖర్చులూ గడుస్తాయి, మాకిది చిన్న విషయం కాదు.

మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, ఆ అమ్మాయి మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ మీరు ఆ అమ్మాయి చేత చెప్పించిన జవాబులు సరైనవి కావు.

పెద్ద పెద్ద ఫారాల్లో బాతులకి నిపుళ్లే పెడతారు అన్నారు. పెడుతున్నారు, నేను కాదనడం లేదు. పెట్టినంత మాత్రాన బాతుకి అది మంచిదని ఎవరు చెప్పారు? ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఇదే పని మీద కూర్చుని నిపుళ్లు ఒక్కటే ఉన్న బాతుల్నీ, తొట్లూ జల్లులూ నీటి మడుగులూ ఉన్న బాతుల్నీ పోల్చి చూసి 2009లో ప్రచురించారు. నిపుళ్లు మాత్రమే ఉన్నవాటి కళ్లూ ముక్కులూ ఈకలూ మిగతావాటి అంత బాగా లేవని తేలింది. అంతకు పదేళ్ల ముందే, 1999లో, కౌన్సిల్ ఆఫ్ యూరప్ బాతుల పెంపకం మీద ఇచ్చిన సిఫారసుల్లో బాతు తల నీళ్లలో ముంచుకోగలగాలి, ముక్కుతో నీళ్లు తీసుకుని ఒంటి మీద చల్లుకోగలగాలి అని రాశారు. ఇదేమీ దాచిపెట్టిన సమాచారం కాదు, మా అబ్బాయి ఫోన్‌లో వెతికితే నాకు దొరికింది. మీకు దొరకదా?

బాతులు నీళ్లు పాడుచేస్తాయి, అందుకే మూసి పెట్టాం అన్నది రెండో జవాబు. పాడుచేస్తాయి నిజమే. తొట్టి నింపిన కాసేపటికే నీళ్లు బురదరంగుకి వస్తాయి. అందుకని ఆ నీళ్లు మార్చాలి, నీళ్లు దానికి అందకుండా దాచేస్తే ఎలా? పైగా మూసిపెట్టిన మీ బకెట్‌లో నీళ్లు శుభ్రంగా ఉన్నాయా అంటే అదీ లేదు. మీ బకెట్ ప్లాస్టిక్ తెల్లగా, వెలుతురు లోపలికి వెళ్లేలా ఉంది. ఎండ తగిలే చోట వేలాడదీస్తే లోపల గోడలకి పచ్చటి పాచి పడుతుంది. మూత ఉండబట్టి అది పైకి కనబడదు, వాసన వస్తే తప్ప మనకి తెలియదు. నిపుల్ లోపలి స్టీలు పుల్లకి ఆ పాచీ, నీళ్లలో ఉండే సుద్దా పట్టి బిగుసుకుపోతే బకెట్ నిండా నీళ్లున్నా బాతుకి చుక్క రాదు. మా ఇంట్లో అదీ జరిగింది, బకెట్ నిండుగానే ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నాం, తీరా చూస్తే రెండు నిపుళ్లు పూర్తిగా మూసుకుపోయి ఉన్నాయి. మే నెల ఎండలో. ఇంకొంచెం ఆలస్యమైతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్‌గా ఉంటుంది.

పెట్టె మీద బాతుపిల్లల బొమ్మ కూడా వేశారు కాబట్టి ఆ సంగతీ చెప్పాలి. మా వైపు బాతుగుడ్లని కోడి కింద పెట్టి పొదిగిస్తారు, 28 రోజులకి పిల్లలవుతాయి. తల్లి బాతు వెంట తిరిగే పిల్లలకి తల్లి ఒంటి నూనె కొంత అంటుతుంది, కోడి కింద పుట్టిన పిల్లలకి అదీ ఉండదు, నూగు తడిసిపోయి చలిపట్టి చచ్చిపోతాయి. అందుకని వాటికి పెట్టే నీళ్లు 5 నుంచి 7.5 సెంటీమీటర్ల లోతు, అంటే రెండు మూడు అంగుళాలు, ముక్కు ములగాలి గానీ మనిషి గుప్పెడంత ఆ ప్రాణం అందులో పడకూడదు. ఈ లెక్క పశుసంవర్ధక శాఖ వాళ్లని ఎవర్ని అడిగినా చెప్తారు. మీ కాగితంలో పిల్లల గురించి ఒక్క ముక్క లేదు, లోతు గురించి లేదు, ఎత్తు గురించి లేదు. మొదటిసారి పిల్లల్ని తెచ్చుకునేవాళ్లు మీ బొమ్మ చూసి ఇదే కొంటారు కదా, వాళ్ల గతి ఏంటి?

ఇప్పుడు మేం వాడుతున్నది చెప్తాను, మీరు తయారుచేయాలనుకుంటే పనికొస్తుంది. పాత పెయింటు డబ్బా ఒకటి కడిగి ఆరబెట్టి, పక్కన బాతు తల దూరేంత రంధ్రాలు కోయించి, అంచులు గీసుకోకుండా అరగదీయించాం. తల దూరుతుంది, ఒళ్లు దూరదు, కాబట్టి లోపలికెక్కి రెట్ట వేసే అవకాశం లేదు. నీళ్లు కళ్లదాకా అందుతాయి. కొబ్బరిచెట్టు నీడన, కింద కంకర పోసి దాని మీద పెట్టాం, చిందిన నీళ్లు ఇంకిపోయి బురద అవదు. మేత గిన్నె కొంచెం దూరంగా ఉంటుంది, నీళ్లలో తవుడు కలిసేది తగ్గుతుంది, అలాగని మరీ దూరం పెట్టకూడదు, తింటూ తాగాలి కదా. పొద్దునా సాయంత్రం నీళ్లు పారబోసి డబ్బా తోమి మళ్లీ నింపుతాం, మధ్యాహ్నం ఎండ మరీ ఎక్కువైతే ఇంకోసారి. పారబోసిన నీళ్లు అరటికీ కందకీ పోస్తాం, ఎరువు కూడా కలిసి ఉంటుంది కాబట్టి ఆ చెట్లు ఎలా ఉన్నాయో వచ్చి చూడొచ్చు. మీరు చుక్క కూడా వృథా కాదు అని రాశారు, పల్లెటూళ్లో పెరటి నీళ్లు ఎక్కడికీ వృథాగా పోవు. మీలాంటి కంపెనీ ఇదే డబ్బాని వెలుతురు పోని మందం ప్లాస్టిక్‌తో చేసి, అడుగున మురికినీళ్లు వదలడానికి ఒక పెద్ద కుళాయి పెడితే డెల్టాలో ఇంటింటికీ కొంటారు, నేనే ముందు కొంటాను. వంగి ఎత్తి పారబోయలేని పెద్దవాళ్లకి ఎంత సుఖమో ఆలోచించండి.

ఇక నేను అడిగేవి. బకెట్ డబ్బు, డెలివరీ చార్జీతో సహా వెనక్కి ఇవ్వాలి. వాపసు గడువు దాటిందని ఫోన్‌లో చెప్పారు, బాతు కళ్లకి పుసి కట్టాలంటే మీ గడువు చూసుకుని కట్టదండీ, సరుకు బాగోలేదని వాడితేనే కదా తెలిసేది. పెట్టె మీదా ఆన్‌లైన్ ఫొటోల్లోనూ బాతు బొమ్మా బాతులకు అన్న మాటా తీసేయాలి, ఇది నాకు డబ్బు కంటే ముఖ్యం. ఇప్పటికే బాతుల కోసం కొన్నవాళ్లకి, దీంతోపాటు తల ములిగే లోతు నీళ్లు వేరే పెట్టండి అని మెసేజ్ పంపాలి, వాళ్ల నంబర్లు మీ దగ్గర ఉన్నాయి, మీకు ఖర్చయ్యేది ఏమీ లేదు. కాగితం తెలుగులో కూడా వేయాలి.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. సరుకు గురించి లేని గుణం ఉన్నట్టు చెప్పడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. మీ నుంచి రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయిస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు వాటికి అక్కడ ఫీజు కూడా లేదు.

బిల్లు, పెట్టె ఫొటో, మూసుకుపోయిన నిపుళ్ల ఫొటోలు, బాతుల కళ్ల ఫొటోలు, డాక్టరు గారు రాసిచ్చిన చీటీ జతచేశాను. బకెట్ కడిగి పెట్టెలో పెట్టి ఉంచాం. తీసుకెళ్లడానికి మనిషిని పంపించండి, పగటిపూట ఎవరో ఒకరం ఇంట్లోనే ఉంటాం.

ఇట్లు,
రాజోలు ప్రాంతం నుంచి మీ కొనుగోలుదారు