ఆ 375 డిగ్రీలు ఏ డిగ్రీలు?

సంపాదకుల వారికి నమస్కారాలు.

రెండు వారాల కిందట మీ ఆదివారం అనుబంధంలో ఎయిర్ ఫ్రయర్‌లో, అంటే వేడి గాలితో వండే మిషన్‌లో, చేసుకునే చీజ్ మిరపకాయల వంటకం వేశారు. ఫొటో చూడగానే చేయాలనిపించింది. చేశాను. మా పక్కింటి అమ్మాయి కూడా చేసింది. ఇద్దరికీ చెడింది. మీ పేజీ కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకునేవాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు కాబట్టి ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా ఇల్లు తిరుపతి బైరాగిపట్టెడలో. మూడేళ్ల కిందట మా ఆయనకు గుండెలో స్టెంట్ వేశారు. ఆ రోజునుంచి ఇంట్లో నూనె బాణలి పొయ్యెక్కలేదు. ఆయనకు తిండి యావ పెద్దగా లేదు గానీ, మిరపకాయ బజ్జీ అంటే ప్రాణం. కార్తీకంలో ముసురు పట్టిందంటే కపిలతీర్థంలో కొండమీంచి నీళ్లు దూకేది చూడ్డానికి పోయేవాళ్లం. తిరిగొచ్చేటప్పుడు బండి దగ్గర నిలబడి, కాగితం పొట్లంలో బొరుగులు, ఎర్రగడ్డ ముక్కలు, కారం కలిపించుకుని, ఆ బొరుగుల మీద వేడివేడి బజ్జీలు తుంచి వేయించుకుని తినేవాళ్లం. ముప్పై ఏళ్ల అలవాటు. ఇప్పుడూ నీళ్లు చూడ్డానికి పోతాం. బండి కనబడేసరికి ఆయన మాట్లాడకుండా రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తారు. అది చూడలేకే మా అబ్బాయి బెంగళూరు నుంచి ఎయిర్ ఫ్రయర్ పంపించాడు. మీ వంటకం మా ఇంట్లో ఎంత ఆశగా చదివామో చెప్పడానికే ఇదంతా రాశాను.

మొదటి తప్పు వేడి దగ్గర. '375 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు' అని అచ్చయింది. మా మిషన్‌లో అంకె 200 దాటి పోదు. అమెరికా వాళ్లు పొయ్యి వేడిని ఫారన్‌హీట్‌లో చెబుతారు. 375 లోంచి 32 తీసేసి, అయిదుతో హెచ్చించి తొమ్మిదితో భాగిస్తే మన సెల్సియస్ లెక్కలో సుమారు 190 వస్తుంది. ఇరవై ఏడేళ్లు పిల్లల చేత ఈ లెక్క చేయించాను కాబట్టి నాకు వెంటనే తట్టింది. పక్కింటి అమ్మాయికి తట్టలేదు, తట్టాల్సిన పనీ లేదు. మిషన్ ఎంతవరకు పోతుందో అంతవరకు తిప్పి, 15 నిమిషాలు పెట్టి, పాపకు హోంవర్క్ చేయిస్తూ కూర్చుంది. కాయలు నిలువునా పగిలి, చీజ్ అంతా కారి, బుట్ట అడుగున తారులా మాడింది. ఇల్లంతా మిరప ఘాటు. వాళ్ల అత్తగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుకుంటూ మా వరండాలోకి వచ్చారు. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని, 'ఆంటీ, కొత్త మిషన్ పాడు చేశానేమో' అంది. మిషన్‌కు ఏమీ కాలేదు, ఆ పిల్ల తప్పూ ఏమీ లేదు.

రెండోది మిరపకాయ. మీ వంటకంలో 'పచ్చిమిరపకాయలు 10' అని మాత్రమే ఉంది. ఇది పుట్టింది జలపెనో అనే కాయతో. మెక్సికోలో హలాపా అనే ఊరి పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. అంగుళాల్లో చెప్పాలంటే రెండు మూడు ఉంటుంది, బొద్దుగా, కండ మందంగా ఉంటుంది. కారం కొలిచే స్కోవిల్ లెక్కలో 2,500 నుంచి 8,000 దాకా. మనం కూరల్లో వేసే సన్న పచ్చిమిరపకాయ దానికంటే ఎంతో ఘాటు, పైగా లోపల చీజ్ కూరడానికి చోటే ఉండదు. మన రైతుబజార్లో దొరికేవాటిలో దీనికి పనికొచ్చేది లేతపచ్చ రంగులో పొడుగ్గా ఉండే బజ్జీ మిరపకాయ. కానీ దాని కండ పలచన. మందం కాయకు పెట్టిన వేడి, పెట్టిన సేపు దానికి పెడితే తోలు ముడుచుకుపోయి పగులుతుంది. నాలుగుసార్లు చేసి చూసి చెబుతున్నాను, 180 సెల్సియస్, ఎనిమిది నిమిషాలు. అయిదో నిమిషంలో ఒకసారి తిప్పాలి. అంతే, ఇంకొక్క నిమిషం కూడా వద్దు.

మూడోది నన్ను బాగా బాధపెట్టింది. 'శనగపిండి జారుగా కలిపి, కాయలు ముంచి బుట్టలో పెట్టండి' అని రాశారు. ఎయిర్ ఫ్రయర్ పేరులో వేపుడు ఉంది గానీ అది వేపేది కాదు. పైన వేడెక్కే తీగచుట్ట, దాని పక్కన ఫ్యాను, అంతే. చిన్న గదిలో వడగాడ్పు తిప్పే పొయ్యి అనుకోండి. కాగిన నూనెలో పడిన జారుపిండి చుట్టూ ఒకేసారి వేడి తగిలి చిటికెలో గట్టిపడుతుంది. గాలికి ఆ బలం లేదు. పిండి గట్టిపడేలోపే చిల్లుల్లోంచి కిందికి కారిపోతుంది. మొదటిసారి నేను బుట్ట బయటికి లాగేసరికి కాయలు ఒంటిమీద గుడ్డలేని పిల్లల్లా ఉన్నాయి, పిండంతా అడుగున అట్టులా పరుచుకుని ఉంది. మా ఆయన పక్కనే ప్లేటు పట్టుకుని నిలబడి ఉన్నారు. 'ఫర్లేదులే, అట్టు బాగానే ఉంది' అని అది తిన్నారు.

ఈ మిషన్‌కు కావలసింది పొడి పూత. బ్రెడ్ పొడి వాడమంటారు. నేను బొరుగులు వాడాను. బొరుగుల్ని పెనం మీద కాస్త వెచ్చబెట్టి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, రవ్వకంటే ముతకగా ఉంచాలి. రెండు చెంచాల మైదా, ఒక చెంచా మొక్కజొన్న పిండి నీళ్లతో పలచగా కలిపి, కాయకు తడి అంటేంతవరకే ముంచి, బొరుగుల పొడిలో దొర్లించి, అరచేత్తో మెల్లగా అదమాలి. అదమకపోతే ఫ్యాను గాలికి పొడి లేచి పైన తీగచుట్టకు తగిలి మాడు వాసన వస్తుంది. పది కాయలకు కలిపి ఒక చెంచా చెనక్కాయ నూనె కుంచెతో రాస్తే చాలు. కాయకూ కాయకూ మధ్య వేలెడు సందు వదలాలి, లేకపోతే గాలి తిరగదు. చివరి రెండు నిమిషాల్లో పూత ఎర్రబడుతున్నప్పుడు వచ్చే వాసన అచ్చం బజ్జీల బండి దగ్గర పొట్లం విప్పినప్పటి వాసనే.

చీజ్ సంగతి. మీరు మొజరెల్లా ఒక్కటే కూరమన్నారు. అది కరిగి సాగి, ఏ కాస్త సందు దొరికినా బయటికి వచ్చేస్తుంది. పనీర్ వేడికి మెత్తబడుతుందే తప్ప కరిగి పారదు. అందుకని 100 గ్రాముల పనీర్ చిదిమి, 25 గ్రాముల చీజ్ ముక్కలు రెండు తురిమి కలిపాను. పనీర్ నిలబెడుతుంది, చీజ్ అతుకుతుంది. రాత్రి గుడ్డలో వేలాడగట్టిన గడ్డ పెరుగు రెండు చెంచాలు, జీలకర్ర, కొత్తిమీర. ఉప్పు వేయలేదు, చీజ్‌లో ఉన్నది చాలు. కాయను ఒక పక్క మాత్రమే చీరి, తొడిమ ఉంచి, ముప్పావు వంతు కూరాలి. కూరినవాటిని ఫ్రిజ్‌లో అరగంట పెట్టి తీస్తే లోపలిది గట్టిపడి, పూత ఎర్రబడేదాకా బయటికి రాదు.

మీ వంటకంలో లేనేలేని ముఖ్యమైన మాట ఒకటుంది. గింజల్లో కారం ఉంటుందనుకుంటాం గానీ, అసలు కారం గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో ఉంటుంది. కారం తగ్గాలంటే గింజలు దులిపితే చాలదు, చెంచా మొనతో ఆ ఈనె గీకి తీయాలి. అది గీకేటప్పుడే చేతులకు అంటుకుంటుంది. నేను పది కాయలు ఉత్త చేతులతో గీకి, కొళాయి కింద చేతులు కడుక్కుని, ఊరినుంచి వచ్చిన మనవరాలి కంట్లో నలుసు పడిందంటే వేలితో తీశాను. నాలుగేళ్ల పిల్ల. ఆ ఏడుపు ఇంకా నా చెవుల్లో ఉంది. చాలాసేపు మంచినీళ్లు పోస్తూ కడిగితే గానీ తెరిపిన పడలేదు. మిరపకాయకు కారం ఇచ్చే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే కొళాయి కింద కడిగినా నా చేతులకు అది వదల్లేదు. ఆ ముక్క తెలిసి కూడా ఆ క్షణంలో మర్చిపోయాను. చేతులకు ముందే కాస్త నూనె పూసుకుని, పని అయ్యాక సబ్బుతో రెండుసార్లు కడుక్కోవాలి, లేదా తొడుగులు వేసుకోవాలి. పిల్లలున్న ఇళ్లకు వెళ్లే పేపర్లో ఈ ఒక్క వాక్యానికి చోటు ఉండాల్సింది. నోరు మండితే నీళ్లకంటే మజ్జిగ మేలు, పాలలోని కేసిన్ అనే మాంసకృత్తు ఆ కారాన్ని పట్టుకుని దించుతుంది.

కరెంటు గురించి రెండు ముక్కలు. మా మిషన్ 1,500 వాట్లది. 230 వోల్టులకు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌కు, ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టకూడదు. ఖర్చు భయం అక్కర్లేదు, ముందు వేడెక్కించేదాంతో కలిపి పన్నెండు నిమిషాలు ఆడినా 0.3 యూనిట్ దాటదు.

'గుండెకు మంచిది' అని మీరు శీర్షిక పక్కన వేసిన మాట తీసేయమని కోరుతున్నాను. నూనె తగ్గుతుంది, అది నిజం. చీజ్‌లో కొవ్వు, ఉప్పు ఉన్నాయి, అదీ నిజం. మా డాక్టర్‌గారిని అడిగితే నెలకు రెండుసార్లు, రెండేసి కాయలు అన్నారు. ఇక మీదట మేం అంతే చేసుకుంటాం.

పోయిన వారం ఒక పాఠకుడు, ఈ విదేశీ తిళ్లు మన పేపర్లో ఎందుకని రాశారు. ఆయన మాటతో నేను ఏకీభవించను. మిరపకాయే అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో మనకు వచ్చింది. అన్నమయ్య 1503లో పరమపదించేనాటికి ఈ తిరుపతి వంటిళ్లలో కారమంటే మిరియమే. వచ్చిన కాయను మనవాళ్లు మన మట్టిలో పండించి, మన నోటికి తగ్గట్టు ఊరబెట్టి, ఎండబెట్టి, బజ్జీ వేసి మనదిగా చేసుకున్నారు. మీ వంటల పేజీ నుంచి నేను కోరేదీ అదే. ఎక్కడి వంటకమైనా వేయండి, అచ్చువేసే ముందు ఇక్కడి సంతలో దొరికే కాయతో, ఇక్కడి మిషన్‌లో ఒక్కసారి ఎవరి చేతనైనా చేయించండి.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో మూడు సవరణలు వేయించగలరని మనవి. ఆ 375 ఫారన్‌హీట్ అని, బజ్జీ మిరపకాయకు 180 సెల్సియస్ దగ్గర ఎనిమిది నిమిషాలు చాలని, జారుపిండి వద్దని. పక్కింటి అమ్మాయి ఫ్రిజ్ మీది కాగితం ఇంకా తీయలేదు. మీ సవరణ వస్తే దానిమీదే అంటించుకుంటానంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
బైరాగిపట్టెడ, తిరుపతి.