వేపచెట్టు కింద లెక్కల ఆటలు: జమా ఖర్చుల వివరణ

ఈ ఏడు మే 1 నుంచి 24 వరకు, రోజూ ఉదయం 6.30 నుంచి 8.30 దాకా, మన ఊరి బడి ఆవరణలో నాలుగు నుంచి ఏడేళ్ల పిల్లలకు ఆరుబయట లెక్కల ఆటలు నేర్పినందుకు వచ్చిన సొమ్మును, అయిన ఖర్చును చందాదారులందరి ముందు ఉంచుతున్నాము.

ఊళ్లోని 57 ఇళ్ల నుంచి ఇంటికి రూ.200 చొప్పున రూ.11,400, పై ఊళ్లలో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లు పంపిన రూ.9,000, నిరుటి నిల్వ రూ.1,260 కలిపి మొత్తం జమ రూ.21,660.

ఖర్చులో పెద్ద పద్దు రాగిజావది. పిండికి, బెల్లానికి, వంటచెరకుకు రోజుకు రూ.270 చొప్పున రూ.6,480 అయింది. ఏడున్నర దాటితే ఒక్క వేపచెట్టు నీడ చాలదు కనుక తాటాకు పందిరికి రూ.3,500 ఇచ్చాము.

ట్రాక్టరు ఇసుకకు రూ.2,800 ఎందుకని కొందరు అడిగారు. ఆవరణ అంతా మొరం నేల. వెనుకటి వీధిబడుల్లో ఓనమాలు ఇసుకలో దిద్దించినట్టే అంకెలను వేలితో దిద్దించడానికి, పది గింజలకొక గుంట చొప్పున తవ్వించి పదులు, ఒకట్లు చూపించడానికి మెత్తని ఇసుక తప్పనిసరి అయింది. ఈ పద్దుకు రసీదు లేదు. ట్రాక్టరు యజమాని ఇవ్వనందున ఇద్దరు సభ్యుల సంతకాలతో చీటీ రాసి ఉంచాము.

పద్నాలుగు గుంటల వామనగుంటల పీటలు ఆరింటికి వడ్రంగికి రూ.2,700, చిన్న త్రాసుకు, తూకపురాళ్లకు రూ.1,150, మందుల పెట్టెకు రూ.420, పిల్లలను ఆడించిన ఇద్దరు అమ్మాయిలకు గౌరవ భృతిగా రూ.2,400 చెల్లించాము.

మిగిలిన పద్దు, రంగు పూసలకు పెట్టిన రూ.640, మా పొరపాటు. చింతపండు కొట్టుకున్న ఇళ్లన్నింటా గింజలు మూటలుగా ఉండగా, సరి బేసి ఆటకు, పంచుకునే లెక్కలకు పిల్లలు వాటినే పిడికిళ్లతో తెచ్చుకున్నారు, పూసలను ముట్టుకోలేదు. దుకాణదారు వాపసు తీసుకోనందున వాటిని అంగన్‌వాడీకి ఇచ్చాము. ఎర్రగా ముచ్చటగా ఉన్నాయని కొందరు తెచ్చిన గురివింద గింజలను మాత్రం, విషపువి కనుక, ఆ రోజే తీసివేసి బదులుగా కుంకుడు గింజలు ఇచ్చాము.

కొలతల పాఠానికి పైసా ఖర్చు కాలేదు. వేపచెట్టు చుట్టుకొలతను తాడుతో పట్టి జానలతో కొలిస్తే ఒక్కొక్కరికి ఒక్కో లెక్క వచ్చింది. ఎవరి జాన సరైనదని రెండు రోజులు వాదులాడుకున్నాక, అందరికీ ఒకే పొడవు వెదురు పుల్లలు కోసి ఇవ్వమని పిల్లలే అడిగారు.

మొత్తం ఖర్చు రూ.20,090 పోగా రూ.1,570 కోశాధికారి వద్ద నిల్వ ఉంది. పీటలు, త్రాసు బడి బీరువాలో భద్రపరిచాము. రసీదులు, చీటీలు ఆదివారం ఉదయం బడిలో ఎవరైనా చూడవచ్చు. పద్దుల్లో అభ్యంతరాలుంటే పదిహేను రోజుల లోపు రాతపూర్వకంగా తెలియజేయ ప్రార్థన.