విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: చదవలేని పిల్లల లిస్టులో ఇంకో గడి కావాలి

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో టీచర్‌ని. పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చేయడానికి ప్రభుత్వం పెట్టిన తొలిమెట్టు కార్యక్రమం కింద మేం ప్రతి పిల్లవాడికీ బేస్‌లైన్ టెస్ట్ (మొదట్లో ఎంతవరకు వచ్చో చూసే పరీక్ష) పెడతాం. ఎవరు అక్షరాల దగ్గర ఆగారు, ఎవరు పదాల దాకా వచ్చారు, ఎవరు పేరా చదువుతున్నారు అని రాసి పైకి పంపుతాం. 2022 ఆగస్టులో మొదలైన ఈ పద్ధతి మంచిదే. మూడో తరగతికి వచ్చినా చదవలేని పిల్లలున్నారని బడిలో మాకు ఎప్పుడూ తెలుసు, కాకపోతే అది కాగితం మీదికి వచ్చేది కాదు. ఇప్పుడు వస్తోంది. నా విన్నపం ఆ కాగితం గురించే. పిల్లవాడు ఎక్కడ ఆగాడో రాయడానికి అందులో గడి ఉంది కానీ, ఎందుకు ఆగాడో రాయడానికి లేదు.

లిస్టులో కింద ఉన్న పేర్లకు మేం చేసేది ఒక్కటే, ఇంకొంచెం ఎక్కువసేపు చెప్పడం. చాలామందికి అది సరిపోతుంది. నాలుగు నెలల్లో పదాలు చదివేస్తారు, వాళ్ల మొహాలు చూస్తే మాకు కడుపు నిండిపోతుంది. కొందరికి మాత్రం ఎంత చెప్పినా ఎక్కదు. ఆ కొందరి కోసమే ఈ లేఖ.

మా మూడో తరగతిలో ఒక పాప ఉంది. డిక్టేషన్‌లో ‘బడి’ అంటే ‘పడి’ అని రాస్తుంది. ‘గంప’ అంటే ‘కంప’, ‘దారం’ అంటే ‘తారం’. బోర్డు చూసి రాసినప్పుడు మాత్రం ఒక్క తప్పూ ఉండదు, దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. ఎడమ చెవిలో చీము కారుతుంది. బస్తీల్లో అదొక జబ్బు కింద లెక్క కాదండీ. జలుబు చేసినప్పుడల్లా కారుతుంది, తల్లి దూది పెడుతుంది, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. కర్ణభేరి వెనక నీరు చేరినా, దానికి చిల్లు పడినా వినికిడి పూర్తిగా పోదు. పిలిస్తే పలుకుతారు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. కానీ నిండా పిల్లలున్న గదిలో, ఫ్యాన్ చప్పుడులో, బయట ఆటోల హారన్ల మధ్య ‘ప’కూ ‘బ’కూ తేడా ఆ చెవికి అందదు. తేడా వినిపించకపోతే మెదడుకు ఆ రెండూ ఒకటే శబ్దం. అక్షరం నేర్చుకోవడమంటే శబ్దాన్నీ గుర్తునూ కలిపి గుర్తుంచుకోవడమే కదా, శబ్దమే సరిగా అందనప్పుడు దేన్ని దేంతో కలపాలి? ఆ పాపను కుడి చెవి నా వైపు ఉండేలా ముందు వరసలో కూర్చోబెట్టాను. తప్పులు బాగా తగ్గాయి. తెలివికి ఏ లోటూ లేదని అక్కడే తేలిపోయింది.

ఇంకో బాబు ఎక్కాలు చెబుతూ ‘ఏడు ఆరుల’ దగ్గర ఆగిపోతాడు. కళ్లు ఒకేచోట నిలిచిపోతాయి, రెప్పలు సన్నగా అదురుతాయి. పది సెకన్లు కూడా ఉండదు. తర్వాత ఏమీ జరగనట్టే మళ్లీ అందుకుంటాడు, అప్పటికి మిగతా పిల్లలు ముందుకు వెళ్లిపోయి ఉంటారు. చూసినవాళ్లు పరధ్యానం అంటారు. అబ్సెన్స్ సీజర్స్ అని ఒక రకం ఫిట్స్ ఇలాగే ఉంటాయి. కింద పడటం, నురగ రావడం ఉండవు కాబట్టి ఇవి ఫిట్స్ అంటే ఇంట్లోవాళ్లు నమ్మరు. రోజుకు పదుల సార్లు రావచ్చు. వచ్చిన ప్రతిసారీ పాఠంలో ఒక ముక్క ఎగిరిపోతుంది, ఎగిరిపోయిందని ఆ పిల్లవాడికే తెలియదు. ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష) తీస్తే బయటపడుతుంది. ఎక్కువమంది పిల్లల్లో మందులతో అదుపులోకి వస్తుంది. పరధ్యానంలో ఉన్న పిల్లవాడు భుజం తడితే తిరిగి చూస్తాడు, ఇది వచ్చినప్పుడు మాత్రం తట్టినా చూడడు. ఒకటో తరగతి చెప్పే ప్రతి టీచరుకూ ఈ సంగతి తెలిసి ఉండాలి. టీచర్ చూడగలిగినంత సేపు పిల్లల్ని ఏ డాక్టరూ చూడలేడు.

ఇక రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ పిల్లలే తర్వాత మా తరగతుల్లోకి వచ్చారు. ఐరన్ తక్కువైతే నీరసం వస్తుందని అందరికీ తెలుసు. మెదడు ఎదుగుదలకు కూడా ఐరన్ కావాలన్న మాట బస్తీలో తల్లులకు ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. నరాల చుట్టూ మైలిన్ అనే పొర ఏర్పడాలన్నా, శ్రద్ధకు అవసరమైన డోపమైన్ లాంటి రసాయనాలు తయారవాలన్నా ఐరన్ ఉండాలి. పసితనంలో బాగా లోపిస్తే, తర్వాత మందులు వాడి రక్తం పెరిగినా చదువులో కొంత వెనకబాటు మిగిలిపోతుందని, పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనలు చెబుతున్నాయి. పైగా ఐదేళ్ల వయసులో శరీరం రోజంతా ఖర్చుపెట్టే శక్తిలో నలభై శాతానికి పైగా మెదడే వాడుకుంటుంది. ఆ వయసు పిల్లలు మా దగ్గరికి పొద్దున ఒక టీ, రెండు బిస్కెట్లతో వస్తారు. పదకొండు దాటేసరికి తలలు బల్లల మీద వాలిపోతాయి.

ఐదు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు వారానికొకసారి గులాబీ రంగు ఐరన్ మాత్ర ఇవ్వాలని రక్తహీనత తగ్గించే కేంద్ర కార్యక్రమం అనీమియా ముక్త్ భారత్‌లో ఉంది. నులిపురుగుల మాత్ర ఫిబ్రవరిలో, ఆగస్టులో ఇస్తాం. ఐరన్ మాత్ర విషయంలో మాత్రం ఏ వారం స్టాక్ ఉంటుందో, ఏ వారం ఉండదో చెప్పలేం. ఉన్నప్పుడు కూడా అన్నం తిన్నాకే వేయించడం, టీతో కలవకుండా చూడటం, పప్పులోకి కాస్త నిమ్మకాయ పిండించడం లాంటివి ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకోవాలి. టీ పడితే ఐరన్ సరిగా ఒంటబట్టదు, పులుపు పడితే బాగా ఒంటబడుతుంది. పోషకాహారం మీద దేశానికే దారి చూపే జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాకలో ఉంది. 1958 నుంచి ఇదే ఊళ్లో ఉన్న ఆ సంస్థ శాస్త్రవేత్తలను మా వంట చేసే అక్కల దగ్గరికి ఒక పూట పంపించండి సార్. మాకు వచ్చే సర్క్యులర్ల కన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

బడికి రాకముందు జరిగేది మీ శాఖ పని కాదంటారేమో. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానంలోనే రాసుకున్నాం. ఒక ఉదాహరణ చెబుతాను. పుట్టుకతో థైరాయిడ్ పనిచేయని బిడ్డలు మన దేశంలో సుమారు వెయ్యి మందికి ఒకరు ఉంటారు. పుట్టిన కొద్ది రోజుల్లో మడమ నుంచి నాలుగు చుక్కల రక్తం తీసి పరీక్షిస్తే తెలిసిపోతుంది. రెండు వారాలలోపు రోజుకో చిన్న మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలాగే ఎదుగుతుంది. నెలలు గడిచిపోతే మెదడుకు జరిగిన నష్టాన్ని పూడ్చలేం. ఆ పరీక్ష చేయించాల్సింది ఆరోగ్యశాఖే. కానీ ఆరో ఏట ఆ బిడ్డ వచ్చి కూర్చునేది మీ బడిలో. అందుకే కేబినెట్‌లో ఈ మాట మీరు ఎత్తాలని అడుగుతున్నాను.

నిద్ర గురించి, పిల్లల మెదడుకు విషమైన సీసం (లెడ్ అనే లోహం) గురించి కూడా రెండు మాటలు. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు తొమ్మిది గంటలకు తగ్గకుండా నిద్ర కావాలి. పగలు నేర్చుకున్నది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. ఒకే గది ఇంట్లో నాన్న సెకండ్ షిఫ్ట్ నుంచి వచ్చి, అన్నం తిని, టీవీ ఆపేదాకా పిల్లలు పడుకోరు. అందులో తల్లిదండ్రుల తప్పేమీ లేదు. సీసానికి మాత్రం ఇంత అయితే ఫర్వాలేదు అనే మోతాదే లేదు. పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్ల పక్కన, పాత పెయింట్ రాలే గోడల మధ్య పెరిగే పిల్లల రక్తంలో సీసం ఎంత ఉందో మన బస్తీల్లో ఒక్కసారైనా చూడాలి.

డిస్‌లెక్సియా (చదవడం, రాయడం పట్టుబడని ఇబ్బంది) సంగతి వేరు. వీళ్లకు చెవి బాగుంటుంది, కన్ను బాగుంటుంది, తెలివి బాగుంటుంది, లెక్క నోటితో అడిగితే టక్కున చెబుతారు. అక్షరాలు మాత్రం కుదురుగా పట్టుబడవు. మన గుణింతాలు, ఒత్తులు మామూలు పిల్లలకే రెండేళ్లు పడతాయి. దాని పక్కనే 2022-23 నుంచి సర్కారు బళ్లలో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. తల్లిదండ్రులే అడుగుతున్నారు, కాదనలేం. కాకపోతే రెండు లిపుల మధ్య ఈ పిల్లలు నలిగిపోతున్నారు. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే ఈ ఇబ్బందిని వైకల్యాల జాబితాలో చేర్చింది. వీలైనంత త్వరగా గుర్తించి, దానికి తగ్గట్టు బోధించాలని 16వ సెక్షన్‌లో ఉంది. 2018 నాటి మార్గదర్శకాలు ఎనిమిదేళ్లు నిండితేనే సర్టిఫికెట్ ఇవ్వాలన్నాయి. సర్టిఫికెట్ అప్పుడే ఇవ్వండి, సాయం మాత్రం ఆరో ఏడు నుంచే మొదలవ్వాలి. బోయినపల్లిలో, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే ఎన్‌ఐఈపీఐడీ లాంటి జాతీయ సంస్థ పెట్టుకున్న ఊళ్లో స్పెషల్ ఎడ్యుకేటర్‌ను నెలల తరబడి చూడని బడులు ఉండకూడదు.

ఇక్కడే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మా బడిలో ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలున్నారు, ఉర్దూ మాట్లాడే వాళ్లున్నారు, ఒడిశా నుంచి, బీహార్ నుంచి పనికి వచ్చిన వాళ్ల పిల్లలున్నారు. వాళ్లు తెలుగులో తడబడితే అది భాష కొత్త కావడం వల్ల. ఇంట్లో రాత్రి గొడవ జరిగి భయంతో వచ్చిన పిల్లకు ఆ రోజు ఏదీ గుర్తుండదు. ఇలాంటి వాళ్లందరి మీదా ‘మెదడు ఎదగలేదు’ అని ముద్ర వేస్తే మేలు కన్నా కీడు ఎక్కువ. అందుకే గుర్తించే పని టీచర్‌తో మొదలవ్వాలి, తేల్చే పని మాత్రం ఆ చదువు చదివిన వాళ్లే చేయాలి.

అసలు చిక్కు పరీక్షల దగ్గర లేదు, ఆ తర్వాతే ఉంది. 2013 నుంచి ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల జాతీయ కార్యక్రమం) ఉంది. బడి పిల్లల్ని ఏడాదికొకసారి, అంగన్‌వాడీ పిల్లల్ని రెండుసార్లు చూడాలి. టీమ్ వస్తుంది, చూస్తుంది, చీటీ రాసిస్తుంది. నేను చెప్పిన పాపకు కూడా చెవి పరీక్ష చేయించమని చీటీ ఇచ్చారు. వాళ్లమ్మ అపార్ట్‌మెంట్లలో నాలుగిళ్లు చేస్తుంది. ఒక పూట మానేస్తే ఆ నాలుగిళ్లలోనూ మాట పడాలి. అయినా మానేసి, రెండు బస్సులు మారి, పాపను పెద్దాస్పత్రికి తీసుకెళ్లింది. ఓపీ చీటీకి ఒక లైను, డాక్టరుకు ఇంకో లైను. చివరికి, పరీక్ష చేసే వాళ్లు ఇవాళ లేరు, వచ్చే మంగళవారం రమ్మన్నారు. వచ్చే మంగళవారం ఆమె వెళ్లలేకపోయింది. ఆ చీటీ ఇప్పటికీ పాప నోట్‌బుక్ అట్టకూ ప్లాస్టిక్ కవరుకూ మధ్య మడిచి ఉంది. రిపోర్టుల్లో మాత్రం ఆ పాప ‘రిఫర్ చేశాం’ అనే అంకెలో చేరిపోయి ఉంటుంది.

సార్, ఆ అంకెను ఇకపై ఎవరూ మీ ముందు పెట్టకుండా చూడండి. ఎంతమందిని రిఫర్ చేశారని అడగకండి. ఎంతమందికి వినికిడి మెషీన్ వచ్చింది, కళ్లద్దాలు వచ్చాయి, మందు మొదలైంది అని అడగండి. తొలిమెట్టు లిస్టులోనే ఒక గడి పెట్టించండి: చెవి, కన్ను, రక్తం, ఫిట్స్ అనుమానం చూశారా, చూస్తే తర్వాత ఏమైంది. ఆ గడి నిండకుండా ఏ పిల్లవాడినీ ‘వెనకబడ్డాడు’ అని రెండో ఏడు కూడా రాయనివ్వకండి. జిల్లా ప్రారంభ చికిత్సా కేంద్రంలో వారానికి ఒక రోజు బడి పిల్లలకే కేటాయించి, బడి పేరుతో ముందే టైం ఇప్పించండి. తల్లికి వీలుపడని రోజున ఆమె అనుమతితో ఆశా కార్యకర్తో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం రిసోర్స్ పర్సనో పిల్లను తీసుకెళ్లేలా చూడండి. మొదటి మెట్టు పరీక్షలు ఇంటి దగ్గరి బస్తీ దవాఖానాలోనే అయిపోతే సగం కష్టం తీరుతుంది. ఆస్పత్రిలో ఏం తేలిందో టీచరుకు కూడా ఒక కాగితం రావాలి: ఎక్కడ కూర్చోబెట్టాలి, ఎంత గట్టిగా చెప్పాలి, పరీక్షలో ఎంత టైం ఎక్కువ ఇవ్వాలి అని. ఇప్పుడు ఇవన్నీ మేం ఊహించి చేస్తున్నాం.

జూన్‌లో బడిబాటకు ఇంటింటికీ తిరిగి కొత్త పిల్లల్ని చేర్చుకుంటాం. ఆ మొదటి వారంలోనే, ఒకటో తరగతిలో చేరే ప్రతి బిడ్డకూ చెవి పరీక్ష, కంటి పరీక్ష, వేలి చుక్కతో హిమోగ్లోబిన్ పరీక్ష పెట్టించండి. తల్లులు ఆ వారం ఎలాగూ బడికి వస్తారు, ఇంకో పూట పని మానుకోనక్కర్లేదు. చప్పుడు తక్కువగా ఉండే గది ఒకటి మా బడిలో ఖాళీ చేసి ఇస్తాం, పిల్లల్ని వరసలో కూర్చోబెట్టడం, పేర్లు రాసుకోవడం మేం చూసుకుంటాం. వినికిడి కొలిచే ఆడియోమీటర్ పట్టుకుని వచ్చే మనిషిని మీరు పంపండి.

ఇట్లు,
ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
హైదరాబాద్