తీసిన పూడిక మళ్లీ కాలువలోకే

సంపాదకులు గారికి,

నమస్కారం. మాధవధారలో కొండ దిగువన ఒక వీధిలో ముప్పై ఏళ్లుగా ఉంటున్నాను. హిందుస్థాన్ షిప్‌యార్డులో పైపు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. మా వీధి కాలువ గురించి ఈ ఉత్తరం. ఒక్క వీధి సంగతి పత్రికకి రాయడం ఎందుకని మా ఇంట్లో అన్నారు. కానీ పొద్దున్నే నడకకి వెళ్తే మురళీనగర్‌లోనూ ఇదే, మర్రిపాలెంలోనూ ఇదే, కంచరపాలెం మెట్ట కిందా ఇదే కనిపిస్తోంది. అందుకే రాస్తున్నాను.

జూన్ మొదటి వారంలో మా కాలువలో పూడిక తీశారు. నలుగురు మనుషులు వచ్చి మూడు రోజులు కష్టపడ్డారు. ఎండ మామూలుగా లేదు. అందులోంచి వచ్చినవి చూడాలి: ఎర్రమట్టి, కొబ్బరి డొక్కలు, పాల కవర్లు, తెగిన చెప్పులు, గట్టిపడిపోయిన సిమెంటు పెళ్లలు, చివరికి ఒక పగిలిన బకెట్టు. అదంతా తీసి కాలువ గట్టునే వేశారు. మా గేటు దగ్గర్నుంచి వీధి మలుపు దాకా తొమ్మిది కుప్పలు. నాకు ఉద్యోగం నాటి నుంచీ కొలిచి రాసుకునే అలవాటు ఉంది. ఆ రోజు ఇనుప చువ్వ దింపి చూస్తే మా గేటు ముందు కాలువ లోతు 28 అంగుళాలు. డైరీలో రాసుకున్నాను. చాలా సంతోషం వేసింది.

పని చేస్తున్న వాళ్లలో ఒక కుర్రాడిని అడిగాను, "తమ్ముడూ, ఈ కుప్పలు ఎప్పుడు ఎత్తుతారు?" అని. "మాకు తియ్యడం వరకే చెప్పారు బాబుగారూ. ఎత్తే బండి వేరే వాళ్లది. ఆరాక వస్తాది" అన్నాడు. ఆ కుర్రాడి తప్పేమీ లేదు. తడి బురద వెంటనే ట్రాక్టరుకి ఎత్తితే రోడ్డు పొడుగునా కారుతుంది, బరువూ ఎక్కువ. ఒకటి రెండు రోజులు నీరు దిగనివ్వడం సరైన పద్ధతే. నేను దాన్ని తప్పుపట్టడం లేదు.

కానీ రెండు రోజులు కాదు, పదకొండు రోజులు గడిచినా అవి అక్కడే ఉన్నాయి. ముందు వాసన. తర్వాత ఎండకి ఆరి పొడి అయ్యి, బండి పోయినప్పుడల్లా బుగ్గి లేచి ఇళ్లలోకి వచ్చేది. స్కూలు ఆటో ఆగే చోట కుప్ప ఉండడంతో పిల్లలు రోడ్డు మధ్యకి వచ్చి ఎక్కేవారు. ఎదురింటి పెద్దమ్మ తెల్లారకుండా ఇడ్లీల బండి తోసుకుంటూ వెళ్తుంది. ఒకరోజు చక్రం కుప్పలో దిగబడి, బండి ఒరిగి, పిండి గిన్నె కింద పడింది. ఆవిడ ఆ రోజు సంపాదన అంతా ఆ గిన్నెలోదే.

పన్నెండో రోజు రాత్రి వాన పడింది. పెద్ద వానేమీ కాదు, గంటసేపు. తెల్లారి చూస్తే తొమ్మిది కుప్పల్లో అయిదు సగానికి పైగా కరిగి కాలువలోకి దిగిపోయాయి. చువ్వ పెట్టి చూశాను: 19 అంగుళాలు. ఆగస్టు పదిహేను నాటికి 13. నలుగురు మనుషులు మూడు రోజులు ఎండలో ఎత్తిన మట్టి అది. దానికి డబ్బు ఖర్చయింది. ఆ డబ్బు మేము కట్టిన పన్నుల్లోదే.

కాలువ సగం పూడితే సగం నీరు పడుతుంది కదా అనుకుంటారు చాలామంది. అలా ఉండదు. పైపుల పని చేసిన వాడిగా చెప్తున్నాను, లోతు తగ్గితే నీరు పారే చోటూ తగ్గుతుంది, వేగమూ తగ్గుతుంది. సగం పూడిన కాలువ మోసేది సగం కంటే బాగా తక్కువ. వేగం తగ్గిన నీరు తనతో తెచ్చిన మట్టిని అక్కడే దించేస్తుంది. దాంతో ఇంకా పూడుతుంది.

మా ప్రాంతానికి ఇది మరీ ముఖ్యం. విశాఖ కొండల మధ్య ఊరు. మా పైన ఉన్నది సింహాచలం కొండల వరస. వాన పడితే కొండ మీది ఎర్రమట్టి మా వీధుల్లోకి వస్తుంది, ఇక్కడి కాలువల్లోంచి గెడ్డల్లోకి, అంటే పెద్ద వాగుల్లోకి, అక్కడి నుంచి జ్ఞానాపురం మీదుగా హార్బరు వైపు పోవాలి. సముద్రం పోటు మీద ఉంటే కింద గెడ్డ నీరు నెమ్మదిస్తుంది. పైన కాలువ పూడి ఉంటే నీటికి దారి ఎక్కడుంది? 2021 సెప్టెంబరు 26న గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి ఇక్కడ కురిసిన వాన నాకు బాగా గుర్తు. మా వంటింట్లో చీలమండ దాకా నీళ్లు. గ్యాసు సిలిండరు మంచం మీదకి ఎక్కించి తెల్లవార్లూ మేలుకుని కూర్చున్నాం. మళ్లీ సెప్టెంబరు వచ్చిందంటే మాకు టెన్షన్. మనకి అసలు వానలు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే. హుద్‌హుద్ వచ్చింది కూడా 2014 అక్టోబరు 12నే కదా.

కుప్పల సంగతి ఫోనులో ఫిర్యాదు పెట్టాను. మూడో రోజు మెసేజ్ వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కరించాం అని. దానితో పాటు ఒక ఫోటో. మా కాలువే అది, శుభ్రంగా ఉంది. కుప్ప మాత్రం ఫోటోలోకి రాకుండా తీశారు. అడిగితే ఒక ఉద్యోగి మర్యాదగానే చెప్పారు: "మీరు పెట్టింది కాలువ కింద నమోదైంది సార్. కాలువ క్లియర్ చేశాం. కుప్ప ఎత్తడం వేరే కేటగిరీ. మళ్లీ పెట్టండి." మళ్లీ పెట్టాను. ఇది నాలుగోసారి.

అసలు లోపం ఇక్కడే ఉందని నాకు అనిపిస్తోంది. తీయడం ఒక పని, ఎత్తడం ఇంకో పని. రెండింటికీ వేరు వేరు మనుషులు, వేరు వేరు బండ్లు, వేరు వేరు బిల్లులు. తీసినవాడి పని తీయగానే అయిపోతుంది. ఎత్తాల్సినవాడికి ఎవరూ చెప్పలేదంటాడు. మధ్యలో మట్టి మళ్లీ కాలువలోకి పోతుంది.

షిప్‌యార్డులో ఓడ అడుగున బిల్జ్ శుభ్రం చేసే పని ఉండేది. నూనె, నీరు, తుప్పు కలిసిన బురద అది. దాన్ని డ్రమ్ములకి ఎత్తి, డ్రమ్ములు క్రేనుతో ఒడ్డుకి దించి, ఇన్‌స్పెక్టరు టార్చిలైటుతో లోపల మూలమూలా చూశాకే జాబ్ కార్డు మీద సంతకం. డ్రమ్ము డెక్ మీద ఉంటే పని అయినట్టు రాసేవారు కాదు. నా సర్వీసంతా అలాగే చూశాను. ఊరి కాలువకి ఆ పద్ధతి ఎందుకు ఉండకూడదు?

చట్టంలో కూడా ఇది స్పష్టంగానే రాశారు. మా అబ్బాయి సాయంతో చదివాను. 2016లో కేంద్రం తెచ్చిన ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో, ఘన వ్యర్థం అంటే ఏమిటో చెప్పేచోట వీధులు ఊడ్చిన చెత్తతో పాటు కాలువల్లోంచి తీసిన పూడికని కూడా చేర్చారు. అంటే ఇంటింటి చెత్త ఎలా ఎత్తి తీసుకెళ్లాలో ఇదీ అలాగే. ఇంటి చెత్త పదకొండు రోజులు గుమ్మం ముందు ఉంచితే ఎవరైనా ఊరుకుంటారా? ఊళ్ల శుభ్రతకి కేంద్రం ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2017లో మన విశాఖ దేశంలో మూడో స్థానంలో నిలిచింది. ఆ రోజు మా వీధి వాళ్లందరం స్వీట్లు పంచుకున్నాం. పారిశుద్ధ్య కార్మికుల కష్టం వల్లే ఆ పేరు వచ్చింది. ఆ ఊళ్లో ఉండాల్సిన కుప్పలు కావివి.

బండ్లు లేవు, మనుషులు లేరు అంటే నేను నమ్మలేను. జూలైలో సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ జరుగుతుంది. ముప్పై రెండు కిలోమీటర్లు, లక్షల మంది జనం, దారి మా మాధవధార మీదుగానే. దానికి రెండు రోజుల ముందు మెయిన్ రోడ్డు పక్కన కుప్పలన్నీ రాత్రికి రాత్రే మాయమయ్యాయి. ట్రాక్టర్లు వచ్చాయి, నీళ్ల ట్యాంకర్లతో రోడ్డు కడిగారు, కొత్తగా ముగ్గు కూడా చల్లారు. చూసి చేతులెత్తి దండం పెట్టాను. మెయిన్ రోడ్డుకి రెండు వందల గజాల లోపల ఉన్న మా కుప్పలు మాత్రం కదల్లేదు. అప్పన్న భక్తులు నడవని వీధులు కూడా అప్పన్న ఊరివే.

ఇంకో విషయం. పూడిక తీసేటప్పుడు చూశాను, ఇంటింటి కుళాయి పైపులు కాలువకి అడ్డంగా, నీరు పారే ఎత్తులోనే వేసి ఉన్నాయి. మా ఒక్క వీధిలోనే పద్నాలుగు లెక్కపెట్టాను. కేబుల్ వైర్ల కట్టలు వేరే. ప్రతి పైపుకీ కవర్లు, గుడ్డలు చుట్టుకుని చిన్న ఆనకట్టలా తయారవుతాయి. పైగా ఆ పైపులు తుప్పుపట్టి చిల్లులు పడితే, నీళ్లు వదలని వేళ మురుగు లోపలికి పీల్చుకుంటుంది. మర్నాడు అదే నీటిని బిందెలో పట్టుకుంటాం. వర్షాకాలంలో వీధిలో నలుగురికి ఒకేసారి విరేచనాలు అయితే కారణం వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. పైపుని కాలువ స్లాబు పైకి లేపి ఒక బెండు, ఒక క్లాంపు వేయడం ఇద్దరు ఫిట్టర్లకి గంట పని. పూడిక తీసే ఆ మూడు రోజుల్లోనే ఇదీ చేయించవచ్చు. కావాలంటే నేను దగ్గరుండి చూపిస్తాను. నాకు డబ్బు అక్కర్లేదు.

మా వాళ్ల తప్పు కూడా చెప్పాలి. ఇల్లు కట్టుకుంటూ ఇసుక, పిక్క (కంకర) కాలువ మీదే పోయించేవాళ్లు ఉన్నారు. సిమెంటు కలిపిన తట్టలు కాలువలోనే కడుగుతారు. ఆ సిమెంటు పాలు అడుగున రాయిలా గట్టిపడతాయి. దాన్ని పార తీయలేదు, గునపం కావాలి. బండి లోపలికి తోసుకోవడానికి కాలువ మీద నాలుగు గజాలు పూర్తిగా స్లాబు పోసేసుకుని, తీయడానికి మూత కూడా పెట్టనివాళ్లున్నారు. అక్కడ ఆ కుర్రాళ్లు బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టి తీశారు. ఇద్దరి చేతులకే గ్లౌజులున్నాయి. ఒకరికి గాజు పెంకు గుచ్చుకుని రక్తం కారితే మా ఆవిడ పసుపు పెట్టి గుడ్డ కట్టింది, తర్వాత నేనే ఆస్పత్రికి తీసుకెళ్లి టీటీ ఇంజెక్షన్ చేయించాను. వాళ్లకి బూట్లు, గ్లౌజులు ఇవ్వకుండా కాలువలోకి దింపకూడదు. మూత లేని స్లాబులకి నోటీసులు ఇస్తే మా వీధిలో మొదటి నోటీసు ఎవరికి వచ్చినా నేను అధికారుల వైపే నిలబడతాను.

నేను కోరేది పెద్దదేమీ కాదు. పూడిక తీయడం, ఎత్తి తీసుకెళ్లడం ఒకే పనిగా, ఒకే బిల్లుగా పెట్టండి. నీరు దిగడానికి నలభై ఎనిమిది గంటలు ఇవ్వండి. ఆ తర్వాత గట్టు మీద కుప్ప ఉంటే బిల్లు ఆపండి. కొలత కాలువ పొడవుని బట్టి కాకుండా, బండి ఎక్కి వెళ్లిన మట్టిని బట్టి రాయండి. ఫోటోలో కాలువతో పాటు గట్టు కూడా కనిపించాలి. మా వార్డు సచివాలయం మా ఇంటి నుంచి నాలుగు నిమిషాల నడక. అక్కడి శానిటేషన్ సెక్రటరీ వచ్చి వీధిలో ఎవరైనా ఒకరి సంతకం తీసుకుంటే చాలు. వీధివాళ్లు చూశాకే పని పూర్తయినట్టు రాయాలి. కొండ నుంచి నీరు దిగే చోట్ల మట్టి ఆగడానికి ఒక గుంట కట్టి, నెలకోసారి ఎత్తిస్తే కింద వీధులకి సగం బాధ తగ్గుతుంది. మా వీధి తలలో ఖాళీ జాగా ఉంది, కొలత తీసి ఉంచాను.

నిన్న సాయంత్రం చువ్వ దింపి చూశాను. 11 అంగుళాలు. తొమ్మిది కుప్పల్లో రెండు ఇంకా ఉన్నాయి, వాటి మీద గడ్డి మొలిచింది. వచ్చే సోమవారం జూన్ నుంచి రాసుకున్న డైరీ, ఫోటోలు తీసుకుని అర్జీ ఇవ్వడానికి వెళ్తున్నాను. మీరు ఈ ఉత్తరం వేస్తే ఆ పేపరు కూడా జత చేస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత షిప్‌యార్డ్ ఫిట్టర్,
మాధవధార, విశాఖపట్నం